కాలువ వెంట వచ్చిన ఇల్లాలు

‘వలస రైతు’ అనే మాట వినగానే మన కళ్ళ ముందు నిలిచేది తలకు తువాలు చుట్టుకొని, ఎడ్లను అదిలిస్తూ బీడు దున్నుతున్న ఒక పురుషుని రూపం. ఒక ఊరు విడిచి మరొక ఊరిలో స్థిరపడటంలో పొలం దున్నడం సగం పని. కొత్తచోట పొయ్యి వెలిగించడం, త్రాగునీరు వెతుక్కోవడం, బిడ్డలను కని వారిని బ్రతికించుకోవడం మిగిలిన సగం. మొదటి సగానికి శిస్తు లెక్కలు, పట్టాలు, పహాణీలు సాక్ష్యంగా ఉన్నాయి. రెండవ సగానికి అటువంటి కాగితం ఏదీ లేదు. పట్టాదారు పేరు ఉన్న చోట ఆయన భార్య పేరు ఉండదు. ఆమె చరిత్ర చాలావరకు ఆమె దేహంలోనే నమోదయింది. కనుక ఆ చరిత్రను ఒక వైద్యుడు చదవబూనడం అసంగతం కాదనుకుంటాను.

అమీర్‌పేట, పంజాగుట్ట, సంజీవరెడ్డినగర్ ప్రాంతాల అపార్టుమెంట్లలో నేడు ఎనభై, తొంభై ఏళ్ళ వృద్ధ స్త్రీలు అనేకులు కొడుకుల వద్దనో, కూతుళ్ళ వద్దనో శేషజీవితం గడుపుతున్నారు. వారిలో కొందరు పుట్టింది కృష్ణా, గుంటూరు డెల్టాలో; కాపురం చేసింది నిజామాబాదు జిల్లాలో బోధను, వర్ని, కోటగిరి పరిసరాలలో, లేదా తుంగభద్ర కాలువ క్రింద సింధనూరు, గంగావతి ‘క్యాంపు’లలో. వారిని రోగవివరాలు అడిగేటప్పుడు ఒక సంగతి గమనించాను. “ఎంతమంది పిల్లలమ్మా?” అంటే “ఐదుగురు నాయనా” అంటారు. “పుట్టినవారు ఎందరు?” అని మరొకసారి అడిగితే కొంచెం సేపు మౌనం. తరువాత “ఎనిమిది” అని జవాబు వస్తుంది. ఆ రెండు అంకెల మధ్యనున్న వ్యత్యాసమే ఈ వ్యాసానికి విషయం.

ఇది మన తెలుగువారికి మాత్రమే చెందిన అనుభవం కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీ నుంచి అమెరికాకు లక్షల కుటుంబాలు వలస వెళ్ళాయి. 1820 నుంచి మొదటి ప్రపంచయుద్ధం వరకు ఆ విధంగా వెళ్ళినవారు 50 లక్షలకు పైమాటే. గాట్‌ఫ్రీడ్ డుడెన్ అనే జర్మను 1829లో మిస్సోరీ ప్రాంతాన్ని వర్ణిస్తూ ఒక పుస్తకం ప్రచురించాడు. సారవంతమైన నేల, చౌకగా భూమి, స్వేచ్ఛ అని చదివి వేలమంది ఓడలెక్కారు. నదుల ఒడ్డున పల్లపు నేలలలో గుడిసెలు వేసుకున్న ఆ కుటుంబాలకు చలిజ్వరం నిత్యకృత్యమయింది. రోజు విడిచి రోజు వణుకు పుట్టించే ఆ జ్వరం మలేరియాయే. వణుకుతున్న తల్లి ఒడిలో వణుకుతున్న బిడ్డ ఉన్నా, ఆవులకు పాలు పితకక తప్పదు, రొట్టె కాల్చక తప్పదు. అదే మిస్సోరీలో జాన్ సాపింగ్టన్ అనే వైద్యుడు 1832 నుంచి క్వినైను బిళ్ళలు తయారుచేయించి ఊరూరా అమ్మించాడు. సింకోనా బెరడు నుంచి క్వినైనును పారిస్‌లో వేరుచేసి అప్పటికి పన్నెండేళ్ళే అయింది. జ్వరమంటే రక్తం తీయడమే వైద్యమని నమ్మిన కాలంలో అది గొప్ప ముందడుగు.

అయినా అమెరికా మధ్య రాష్ట్రాల నుంచి మలేరియా వెనుకంజ వేయడానికి మందు ఒక్కటే కారణం కాదు. చిత్తడి నేలలకు మురుగుకాలువలు తవ్వి నీరు పారించివేశారు, పశుసంపద పెరిగింది, గుడిసెల స్థానంలో గట్టి ఇళ్ళు వచ్చాయి. దోమ ద్వారా ఆ వ్యాధి వ్యాపిస్తుందని ఎవరికీ తెలియకముందే అది అక్కడ చాలావరకు తగ్గిపోయింది. అక్కడి రైతు ఇల్లాలికి కాలం గడిచేకొద్దీ నేల ఆరుతూ వచ్చింది. మన రైతు ఇల్లాలి కథ దీనికి పూర్తిగా విపరీతం. ఆమె వెళ్ళిన చోట ఎండు నేల తడిసింది.

కృష్ణా, గోదావరి ఆనకట్టలు 1850లలో పూర్తయిన తరువాత డెల్టా భూముల ధరలు పెరిగాయి. కమతాలు అన్నదమ్ముల మధ్య చీలి చిన్నవయ్యాయి. మరొకవైపు నిజాం రాజ్యంలో మంజీర నదిపై అచ్చంపేట వద్ద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ జలాశయం 1931లో పూర్తయింది. దాని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్. సుమారు 2,75,000 ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. నీరు వచ్చింది గాని, ఆ నీటితో విస్తారంగా వరి పండించే అలవాటున్న రైతులు చాలినంతమంది అక్కడ లేరు. మెట్ట పంటలకు, చెరువు క్రింది పరిమిత సేద్యానికి అలవాటుపడిన ప్రాంతమది. అందువల్ల డెల్టా రైతులకు పిలుపు వచ్చింది. అక్కడ ఒక ఎకరం అమ్ముకుంటే ఇక్కడ అనేక ఎకరాలు కొనవచ్చు. ఒకరు వెళితే వారి బావమరది, తరువాత తోడల్లుడు, ఆ తరువాత ఊరిలో సగం వీధి. ఇంకొక ఇరవై ఏళ్ళకు, తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయినప్పుడు, ఇదే ప్రవాహం రాయచూరు, బళ్ళారి సీమలకు మళ్ళింది.

ఈ నిర్ణయం తీసుకున్నప్పుడు ఇల్లాలిని ఎవరైనా అడిగారా? అడిగిన ఇళ్ళు కొన్ని ఉండవచ్చు. నేను విన్నంతవరకు ఆమెకు చెప్పారు, అంతే.

బెజవాడలో రైలెక్కి, కాజీపేట మీదుగా సికింద్రాబాదు చేరి, అక్కడ చిన్న లైను బండి మారి నిజామాబాదులో దిగి, ఆపైన ఎడ్లబండి. సామానులో రోకలి, తిరగలి, ఊరగాయ జాడీలు, విత్తనాల మూటలు. సికింద్రాబాదు స్టేషనులో బండి మారుతున్న ఆ చూలాలికి ఒక విషయం తెలిసే అవకాశం లేదు. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, బేగంపేటలోని ఒక చిన్న భవనంలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్టను కోసి సూక్ష్మదర్శిని క్రింద చూశాడు. హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగి రక్తం త్రాగిన దోమ అది. దాని జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. ఆమె వెళుతున్న ఊరిలో ఆమెకోసం ఏమి కాచుకొని ఉందో ఆ గాజుపలక మీద అప్పటికే వ్రాసి ఉన్నది. ఆ భవనం నేటికీ ఉంది. అమీర్‌పేట కూడలి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు. మన పిల్లలను ప్లానెటేరియంకు తీసుకువెళతాము గాని అక్కడికి తీసుకువెళ్ళేవారు అరుదు.

కాలువకు, మలేరియాకు సంబంధమేమిటి? మన పల్లెసీమలలో ఈ వ్యాధిని వ్యాపింపజేసే ప్రధానమైన దోమ అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. మురికి గుంటలు దానికి అంతగా నచ్చవు. తేటనీరు కావాలి. కాలువ గట్టు వెంట ఊటనీరు నిలిచిన గుంటలు, మట్టి తవ్విన గోతులు, నాట్లు వేసిన తొలి వారాలలో ఎండ సోకే పలుచని వరిమడి దానికి అనువైన చోట్లు. ఈ సత్యం మన దక్షిణదేశంలోనే అనుభవపూర్వకంగా బయటపడింది. కావేరి మీద మెట్టూరు ఆనకట్ట కట్టి తంజావూరు జిల్లా పట్టుకోట ప్రాంతానికి కొత్తగా నీరు పారించినప్పుడు, మైసూరు రాజ్యంలో మండ్య ప్రాంతానికి ఇర్విన్ కాలువ తవ్వినప్పుడు, 1930లలో మలేరియా విజృంభించింది. ఇంజనీరు నీటిని తేవడం గురించి ఆలోచించినంతగా, మిగిలిన నీటిని బయటకు పంపడం గురించి ఆలోచించలేదు. పాత డెల్టాలో నీరు పారే దారి, పోయే దారి రెండూ తరతరాలుగా కుదురుకొని ఉండటం వలన అక్కడ మలేరియా తక్కువ.

ఇక్కడే వలస ఇల్లాలి దురదృష్టం ఉంది. మలేరియా ఉన్న ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి పదే పదే సోకడం వలన పాక్షికమైన రోగనిరోధకశక్తి ఏర్పడుతుంది. డెల్టా నుంచి వచ్చినవారికి అది శూన్యం. పైగా ఆమె గర్భిణి. ఫాల్సిపేరం రకపు పరాన్నజీవి సోకిన రక్తకణాలు మాయలో, అనగా తల్లి నుంచి బిడ్డకు ఆహారమందించే అవయవంలో, గుంపుగా అతుక్కొని నిలిచిపోతాయి. బిడ్డకు చేరవలసిన పోషణ తగ్గుతుంది. గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ, తల్లికి తీవ్రమైన రక్తహీనత దీని ఫలితాలు. మలేరియా నిరంతరం ఉండే ప్రాంతపు స్త్రీకి ఈ ప్రమాదం తొలి కాన్పులో ఎక్కువ, తరువాతి కాన్పులలో తగ్గుతుంది. కొత్తగా వచ్చిన స్త్రీకి ప్రతి కాన్పూ తొలి కాన్పు వంటిదే. ఆ రోజులలో వాడుకలో ఉన్న ‘కడుపులో బల్ల’ అనే మాట ఈ తరానికి తెలియదు. పదే పదే మలేరియా రావడం వలన ప్లీహం పెరిగి ఎడమ డొక్కలో పలకవలె గట్టిగా చేతికి తగిలేది. పిల్లలకు బల్ల ఉన్నదని ఆ డొక్క మీద వాతలు పెట్టేవారు. జ్వరం, దాని మీద కాలిన పుండు.

మన సంప్రదాయంలో తొలి కాన్పు పుట్టింటి హక్కు. ఆ హక్కులో వైద్యపరమైన విజ్ఞత కూడా ఉంది. పని తప్పుతుంది, తల్లి వండిపెడుతుంది, చేయి తిరిగిన మంత్రసాని ఇరుగుపొరుగులో ఉంటుంది. గుంటూరు పరిసరాలవారికి మరొక ఆధారం కూడా ఉండేది. జర్మనీలో పుట్టి అమెరికాకు వలస వెళ్ళిన హేయర్ అనే లూథరన్ మతబోధకుడు 1842లో గుంటూరు చేరి ఒక మిషను నెలకొల్పాడు. ఆ మిషను తరఫున 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అనే వైద్యురాలు 1898లో స్త్రీలకు ఆసుపత్రి తెరిచింది. 1930లో మరణించేవరకు ఆమె గుంటూరును తన ఊరుగానే చేసుకున్నది. జర్మను వలసదారుల చర్చి చందాలు తెలుగు తల్లుల పురిటి గదికి చేరిన విచిత్రమైన దారి ఇది. అటువంటి ఆసుపత్రి ఉన్న సీమ నుంచి, ఆసుపత్రి అంటే పగలంతా బండి ప్రయాణమైన సీమకు మన ఇల్లాలు వచ్చింది.

నెలలు నిండేముందు రెండు రోజుల ప్రయాణం చేసి పుట్టింటికి వెళ్ళేదా? కోతల కాలమైతే పంపేవారు కాదు. వెళ్ళినా, దారిలో జ్వరం తిరగబెడితే అక్కడి వైద్యునికి అది ఏమి జ్వరమో వెంటనే తోచేది కాదు. చాలామంది కాలువ ఒడ్డు గుడిసెలోనే ప్రసవించారు. చేయి అందించినది స్థానికురాలైన మంత్రసాని. ఆమె మాట యాస వేరు, ఈమె మాట యాస వేరు. అయినా ఆ రాత్రి ఆ ఇద్దరి మధ్య భాషాభేదం అడ్డురాలేదని విన్నాను. బొడ్డు కోయడానికి కొడవలి, బొడ్డు మీద బూడిదో, పేడో. ధనుర్వాత క్రిములకు అంతకన్న అనుకూలమైన మార్గం లేదు. మూడవ రోజు తరువాత బిడ్డ చన్ను పట్టడం మానివేసి, దవడ బిగుసుకొని, ఒళ్ళు విల్లువలె వంగిపోయేది. గాలి సోకిందనేవారు. తల్లికి రెండు ఇంజెక్షన్లు, బొడ్డు కోయడానికి శుభ్రమైన బ్లేడు, వీటితో నివారించగలిగిన మరణమిది. మనదేశం తల్లుల, నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్లు ధ్రువీకరణ పొందినది 2015లో మాత్రమే.

డెల్టా ఇల్లాలు తనతో తెచ్చుకున్న ఒక అలవాటు గురించి కూడా చెప్పాలి. అది తెల్లని అన్నం. ఉప్పుడు బియ్యం తినే తమిళ, మలయాళ సీమలలో లేని బెరిబెరి అనే వ్యాధి ఆ రోజులలో మన ఉత్తర సర్కారు జిల్లాలలో స్థిరపడి ఉండేది. కారణం మరపట్టిన పచ్చి బియ్యం. మరలో తవుడుతోపాటు థయామిన్ అనే బి1 విటమిన్ పోయేది. మిగిలిన కొంచెం గంజితో పారబోసేవారు. ధాన్యాన్ని ఉడకబెట్టి ఆరబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, కనుక ఉప్పుడు బియ్యానికి ఆ దోషం తక్కువ. పెద్దలలో ఈ వ్యాధి కాళ్ళ తిమ్మిరిగా, వాపుగా కనిపిస్తుంది. చంటిబిడ్డలలో అది మరింత క్రూరమైనది. తల్లి పైకి ఆరోగ్యంగానే ఉంటుంది, పాలు సమృద్ధిగా ఉంటాయి, ఆ పాలలో థయామిన్ ఉండదు. రెండు మూడు నెలల బిడ్డ గొంతు బొంగురుపోయి, ఏడిస్తే శబ్దం రాక, గుండె ఆగి గంటలలో పోయేది. కూనూరు పోషకాహార పరిశోధనాలయం అధిపతి ఐక్రాయిడ్, ఆయన సహచరులు ఈ వ్యాధిని, దానికి శిశుమరణాలతో ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేశారు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

బాలింతకు పథ్యం పేరిట పప్పు, ఆకుకూరలు, పండ్లు మాన్పించి, అన్నం, కారప్పొడి మాత్రమే పెట్టే ఇళ్ళలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పక్క ఇంటి తెలంగాణ స్త్రీ జొన్నరొట్టె తింటుంటే, ‘మనం అన్నం తినేవాళ్ళం’ అని ఈమె లోలోపల కొంచెం గర్వపడి ఉండవచ్చు. ఆహార విషయంలో మాత్రం లాభపడినది ఆ జొన్నరొట్టె తిన్న స్త్రీయే. కాలువ వచ్చిన తరువాత ఆమె కూడా క్రమంగా తెల్లన్నానికే మారింది.

ఆ పక్కింటి స్త్రీని ప్రస్తావించకుండా ఈ చరిత్ర వ్రాయడం న్యాయం కాదు. జలాశయం క్రింద ఊళ్ళు మునిగి నిర్వాసితులైన కుటుంబాలలోనూ ఇల్లాళ్ళు ఉన్నారు, చూలాండ్రు ఉన్నారు. భూమి చౌకగా అమ్ముకొని, తరువాత అదే భూమిలో కూలికి నాట్లు వేసిన స్త్రీలు ఉన్నారు. దోమ ఈ ఇద్దరి మధ్య తేడా చూపలేదు. క్వినైను కొనగలిగినవారికి, కొనలేనివారికి మధ్య తేడా మాత్రం ఉండేది.

నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. మెట్లు దిగి నీరు ముంచుకునే దిగుడు బావులు నారికురుపుకు నిలయాలు. నీటిలోని కంటికి కనబడని సైక్లోప్స్ అనే జీవుల ద్వారా కడుపులో చేరిన పురుగు, ఏడాది తరువాత కాలిపుండు నుంచి మూరెడు దారంవలె బయటకు వచ్చేది. అది వచ్చేది సరిగ్గా వ్యవసాయపు పనుల అదనులోనే. బిందె మోసే స్త్రీ ఆ పుండుతోనే మళ్ళీ మెట్లు దిగితే పురుగు పిల్లలు నీటిలో కలిసేవి. వడగట్టిన నీరు త్రాగడం, మెట్లబావులను మార్చడం వంటి చిన్న పనులతో ఈ వ్యాధి మనదేశంలో అంతరించింది. చివరి రోగి 1996లో కనిపించగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం లభించింది.

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలిన తరువాత నల్గొండ జిల్లాకు వలస వెళ్ళినవారికి మరొక నీటి గండం ఎదురయింది. అది ఫ్లోరైడు. ఈ వ్యాధిని మనదేశంలో మొదట 1937లో గుర్తించినది కూడా తెలుగునేల మీదే, నాటి నెల్లూరు జిల్లాలో. కాలువ నీరు పొలానికి వచ్చినా, త్రాగడానికి బోరునీరే గతి అయిన ఊళ్ళు ఎన్నో. పదే పదే కాన్పులు, చాలని కాల్షియం, దీర్ఘకాలం బిడ్డకు పాలివ్వడం, వీటి వలన బలహీనమైన ఎముకలపై ఫ్లోరైడు మరింత ప్రభావం చూపుతుంది. ఒకప్పుడు ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైన మన పంజాగుట్ట నిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి, ఫ్లోరైడు వలన వెన్నెముక బిగుసుకొని నరాలు నలిగిపోయే స్థితిపై విస్తృతంగా పరిశోధించారు. ఆయన ప్రాచీన నాణేల చరిత్రకారుడు కూడా.

ఇక మార్పు ఎలా వచ్చింది? 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయింది. ఇంటింటికీ వచ్చి డి.డి.టి. చల్లి, గోడ మీద తేదీ వ్రాసివెళ్ళే మనుషులు నా తరానికి బాగా గుర్తు. పేడతో అలికిన గోడ పాడవుతుందని ఇల్లాళ్ళు పోట్లాడేవారు. మందు చల్లిన మరునాడే మళ్ళీ అలికి, దాని గుణమంతా పోగొట్టేవారు. వారికి కారణం చెప్పే ఓపిక మా శాఖలో అందరికీ ఉండేది కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్లమందికి మలేరియా సోకి, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. గెలిచామనుకొని పట్టు సడలించగా, 1976లో 64 లక్షలకు ఎగబాకాయి. నేడు మళ్ళీ బాగా తగ్గాయి.

తగ్గనిది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. బల్ల పెరిగిన కాలం పోయింది, నారికురుపు పోయింది, బెరిబెరి పోయింది. తెల్లన్నం, పలుచని పప్పుచారు, అందరూ తిన్న తరువాత తినే అలవాటు మాత్రం మిగిలాయి. గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కన్న తగ్గితే రక్తహీనత క్రిందే లెక్క. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలను గర్భిణిగా 180 రోజులు, కాన్పు తరువాత 180 రోజులు వాడాలి. కాఫీ, టీ, పాలతోగాని, కాల్షియం మాత్రతోగాని కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటపట్టదు. మలం నల్లగా రావడం సహజం, దానికి భయపడి మాత్రలు ఆపవద్దు.

నేడు వలస ఇల్లాలు కాలువ వెంట కాకుండా మెట్రో స్తంభాల వెంట వస్తున్నది. అమీర్‌పేట చుట్టూ లేచే భవనాల దగ్గర రేకుల షెడ్లలో పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశాల నుంచి వచ్చిన చూలాండ్రను చూస్తూనే ఉన్నాము. ఆమెకు ఒక ఊరిలో పరీక్షలు, మరొక ఊరిలో టీకా, మూడవ ఊరిలో కాన్పు. ఆమె చేతిలో తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంటే ఏ ఆసుపత్రిలోనైనా వైద్యునికి రక్తపు గ్రూపు, హిమోగ్లోబిన్, ధనుర్వాతం టీకా, వెనుకటి కాన్పుల వివరాలు ఒక్క చూపులో తెలుస్తాయి. చాలామంది దానిని ఊరిలో పెట్టెలో భద్రపరచి వస్తారు. మీ ఇంటి పనికో, మీ వీధి కట్టడానికో వచ్చిన గర్భిణి ఎవరైనా ఉంటే కార్డు వెంట ఉన్నదా అని అడగండి. లేకపోతే దగ్గరలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగాని, బస్తీ దవాఖానాలోగాని పేరు నమోదు చేయించండి. అక్కడి ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. మిగిలిన పరీక్షలకు దారి చూపుతారు.